ముప్పై ఒకటో పట్టీ

రిమోట్ రంగయ్య ఎవరో తెలియదని ఆ రోజుల్లో ఎవరైనా అన్నారంటే వాళ్ళ దగ్గర ఫోను లేదన్నమాట. ‘సిగ్నల్ లేదు’ గ్రూపుకి అతను మకుటం లేని మహారాజు. పేరుకి అది కంప్యూటర్లు తెలిసినవాళ్ళు కూడే చోటు. పొద్దున్నే ఎవరో కొత్త చిప్పు గురించి మొదలుపెడతారు. కాఫీలయ్యేసరికి అది ప్రభుత్వం తెస్తున్న డేటా చట్టం మీదికి మళ్ళుతుంది. మధ్యాహ్నానికి ఓ లాయరూ, సర్వర్లు చూసుకునే ఓ పెద్దమనిషీ ఒకళ్ళ చదువుల్ని ఒకళ్ళు తవ్వి పోసుకుంటారు. సాయంత్రం సీరియళ్ళ వేళకి మాత్రం కక్షలన్నీ కట్టిపెట్టి అందరూ కలిసి టీవీ మీద పడతారు.

ఆ పడటంలో రంగయ్యది పైచేయి. అతని సరుకు పేరు ‘మ్యూట్ డైలాగులు’. సీరియల్లోంచి ఓ ముక్క తీసి, సౌండు నొక్కేసి, కింద తన మాటలు రాసేవాడు. అత్తగారు కళ్ళురుముతూ ముందుకొస్తుంటే, “నా వైఫై పాస్‌వర్డు మార్చింది నువ్వే కదూ కోడలా?” కథానాయకుడు గాలికి జుట్టెగరేసుకుంటూ నత్తనడక నడుస్తుంటే, “సర్వరు మీద లోడు ఎక్కువగా ఉంది, దయచేసి వేచి ఉండండి.” ఈ ఐడియా మీకెలా వచ్చింది గురూగారూ అని ఎవరో అడిగితే, పుట్టుకతో వచ్చిందని కోతలు కోశాడు.

అన్నిట్లోకీ బాగా పేలింది ‘తోరణం కట్టిన ఇల్లు’ అనే సీరియల్ మీద వేసింది. అందులో తమ్ముడు అలిగి వెళ్ళిపోతుంటే అక్కగారు గుమ్మం పట్టుకుని, “అన్నం తిన్నావా అని అడిగే హక్కు కూడా నాకు లేదా?” అంటుంది. ఆ ఒక్కదానికి రంగయ్య సౌండు తియ్యలేదు. మాట అలాగే వినిపించనిచ్చి, కింద “మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. అన్నం కోసం ఒకటి నొక్కండి, హక్కు కోసం రెండు నొక్కండి” అని రాశాడు. ఇంకేముంది! జనం పొట్టలు పట్టుకున్నారు. కాఫీ కప్పుల మీద ఎక్కింది, చొక్కాల మీద ఎక్కింది. డేటా చట్టం మీద టీవీలో చర్చ పెడితే అక్కడొకాయన బల్లగుద్ది మరీ “నా డేటా ఏం చేశావని అడిగే హక్కు కూడా నాకు లేదా?” అన్నాడు, యాంకరు నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది.

ఈ రంగయ్య అసలు పేరు ఫణీంద్ర. ఆ సంగతి గ్రూపులో ఒక్కరికీ తెలియదు, ఆఫీసులో తెలియదు, ఇంట్లో అసలే తెలియదని అతని నమ్మకం.

*

ఫణి పనిచేసేది హైదరాబాదులో ‘తాకిడి’ అనే చిన్న ప్రయోగశాలలో. దాని పెద్ద నుస్రత్ మేడమ్. అతను చేరిన మొదటిరోజే ఆవిడ బట్టతో కుట్టిన ఓ పట్టీ తన మణికట్టుకి కట్టుకుని, ఇంకోటి అతని మణికట్టుకి కట్టి, కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. నన్ను నవ్వించేది ఏదైనా రాయమంది. క్యాంటీన్ ఉప్మాతో గోడలు కట్టొచ్చని రాశాడు. ఎదుటి బల్ల దగ్గర ఆవిడ చదివి నవ్వింది. ఫణి మణికట్టు వెచ్చబడింది, టీ గ్లాసు పట్టుకున్నట్టు.

ఇప్పుడు నాకు తగిలేది రాయి అంది. ఫణి కాస్త తటపటాయించి, ఆవిడ పరిశోధన వ్యాసాన్ని పై దేశపు పత్రికవాళ్ళు తిప్పి పంపిన సంగతి ఎత్తి ఓ చెణుకు విసిరాడు. ఆవిడ మొహం మీద నవ్వు చెక్కుచెదరలేదు. కానీ ఫణి మణికట్టు మంచులో పెట్టినట్టు చల్లబడి, ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు బిగిసింది.

“నా మొహం చూస్తే నీకు తెల్సేదా?” అంది మేడమ్. “తెల్వదు. పట్టీకి మొహంతోని పని లేదు.”

సంగతి అంతే. చదివేవాడి ఒంట్లో కలిగేదాన్ని రాసేవాడి ఒంటికి చేరవెయ్యడం. తిట్టే ముందు ఆ తిట్టు ఎంత బరువో చేత్తో తూచుకోమనడం. ఇది నిలబడితే వ్యాఖ్యలు పెట్టించుకునే ప్రతి యాప్‌కీ దీన్ని తప్పనిసరి చేస్తామని ప్రభుత్వం ఓ కమిటీ వేసింది. దానికి ‘వ్యాఖ్యల తాకిడి బిల్లు’ అని పేరు కూడా పెట్టేశారు.

గ్రూపు భగ్గుమంది. జోకుకి కూడా బీపీ చూస్తారా అన్నారు. పౌరుల నాడి పట్టుకునే హక్కు సర్కారుకి ఎవరిచ్చారని లాయరు రాజ్యాంగం విప్పాడు. ఈ దాడికంతటికీ సేనాని ఎవరనుకున్నారు? రంగయ్యే. “ఇకమీదట పంచ్ వెయ్యాలంటే పరగడుపున రక్తపరీక్ష చేయించుకు రావలెను” అని అతనే రాశాడు. పగలంతా పట్టీలు కుట్టడం, సాయంత్రం వాటి మీద జోకులు కుట్టడం. ఇందులో తప్పేముంది, ఉద్యోగం ఉద్యోగమే, సరదా సరదాయే అని తనకి తాను చెప్పుకున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ప్రయోగానికి తెలుగు వ్యాఖ్యలు కావలసివచ్చి మేడమ్ ‘సిగ్నల్ లేదు’నే ఎంచుకుంది, అక్కడ బాగా రాసేవాళ్ళు కొందరు పట్టీ కట్టుకోవడానికి ఒప్పుకుంటారా అని కబురు పెట్టించింది. రంగయ్య ఒప్పుకున్నాడు. పోస్టులో వెళ్ళాల్సిన పట్టీని ఫణి తన సంచిలోనే వేసుకున్నాడు. మేడమ్‌కి చెప్పాలా వద్దా అని ఒక పూట ఆలోచించాడు. చెప్పలేదు.

చదివేవాళ్ళ కోసం కుట్టిన పట్టీలదీ అదే తంతు. పేర్లిచ్చినవాళ్ళలో సగంమంది మానుకున్నారు. సిబ్బంది తలా కొన్ని ఇంటికి పట్టుకెళ్ళి ఆడపడుచులకీ, బామ్మలకీ కట్టారు. ఏ పట్టీ ఎవరిదో తెలియకుండా నంబర్లు కలిపేశారు. ఫణి కూడా ఒకటి పట్టుకెళ్ళి వాళ్ళక్కకి కట్టాడు.

*

వాళ్ళక్క హైమవతి. ఫణికంటే చాలా పెద్దది. వాళ్ళది రేపల్లె. తల్లి పోయేనాటికి ఫణి ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. అప్పటికే అత్తారింటి నుంచి వచ్చేసిన హైమ తమ్ముణ్ణి తీసుకుని హైదరాబాదు చేరి, యూసఫ్‌గూడలో ఓ డీటీపీ సెంటర్లో శుభలేఖలు టైపు చేస్తూ వాణ్ణి ఇంజినీర్ని చేసింది. ఇప్పుడు ఇంట్లోనే ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని పొద్దస్తమానం ఏదో టైపు చేస్తుంది. అనువాదాలని ఒకప్పుడు చెప్పింది. ఏం అనువాదం, ఎవరిది, ఎక్కడ వేస్తారు అని ఆ తర్వాత తమ్ముడు ఒక్కసారన్నా అడిగిన పాపాన పోలేదు.

ఫణి పట్టీ తెచ్చిన సాయంత్రం ఆవిడ అదేంటని కూడా అడగలేదు. చెయ్యి చాచింది. తను చెప్పిన గ్రూపు రోజూ కాసేపు చదవాలని, అంతే పనని ఫణి చెప్పాడు.

“ఏం గ్రూపురా?”

“ఏదోలేక్కా. కుర్రాళ్ళు సరదాగా రాసుకుంటుంటారు.”

ఆవిడ తమ్ముడి మొహంలోకి ఓసారి చూసి, సరే అంది. తర్వాత లేచి వెళ్ళి చేసుకుంటున్న పనిలో పడిపోయింది. “గిన్నెలో ఉంది” అంది అటు తిరిగే. ఫణి ఫోను చూసుకుంటూ అన్నం తిన్నాడు.

పట్టీ కట్టుకున్నాక రంగయ్యకి పట్టపగ్గాల్లేవు. ఇన్నాళ్ళూ స్క్రీను మీద నవ్వుమొహాల బొమ్మలే చూశాడు. ఇప్పుడు నిజం నవ్వు చేతికి తగులుతోంది. ఓ మ్యూట్ డైలాగు వదిలి టీ చప్పరిస్తూ కూర్చుంటే మణికట్టు దగ్గర మొదలైన వెచ్చదనం మోచేతిదాకా పాకేది. ఇంతమందిని నవ్విస్తున్నానన్న గర్వంతో కడుపు నిండేది.

అయితే ఆ వెచ్చదనంలో ఒక్క చోట చల్లగా ఉండేది. అందరూ నవ్వుతుండగానే ఎవరో ఒక్కరు మణికట్టు కింద వేలు పెట్టి నొక్కిపట్టినట్టు. మొదట్లో పట్టించుకోలేదు. కానీ ‘తోరణం కట్టిన ఇల్లు’ మీద ఏది రాసినా ఆ చలి తప్పకుండా వచ్చేది. గట్టిగా ఉన్న జోకుకి గట్టిగా, మెత్తగా ఉన్నదానికి మెత్తగా. పాత అన్నం జోకుని జనం గ్రూపులో మళ్ళీ తిప్పుకున్న వారం అది వదలనే లేదు. లడ్డూ తింటుంటే పంటికింద రాయి పడ్డట్టు ఫణికి చిరాకు పుట్టుకొచ్చింది.

ల్యాబులో చూస్తే అది ముప్పై ఒకటో నంబరు పట్టీ. మేడమ్ కూడా గమనించి, దీని సంగతేంటో చూడమని ఫణికే అప్పజెప్పింది. అతను చూశాడు. చూస్తే విడ్డూరంగా ఉంది. అదే సీరియల్ని అదే గ్రూపులో ఇంకా ఘోరంగా తిట్టేవాళ్ళున్నారు. ‘లాగిన్ లక్ష్మణ’ అనేవాడైతే ఈ మాటలు రాసినవాడి చేతులు విరగ్గొట్టాలన్నాడు. దానికి ముప్పై ఒకటి చలించలేదు. రంగయ్య రాసిన వాటికే బిగుసుకుంటోంది.

“మనిషన్నాక నొచ్చుకుంటే అందరి మాటకీ నొచ్చుకోవాలి కదా మేడమ్. ఒక్కడి మాటకే నొచ్చుకోవడం ఏంటి? పట్టీలోనే ఏదో తేడా ఉంది” అన్నాడు ఫణి.

వాదన బాగానే ఉందనిపించింది ఆవిడకి. కానీ అలా అంటున్నప్పుడు ఫణి మనసులో ఉన్నది వాదన ఒక్కటే కాదు. ఆ చలి పోతే హాయిగా ఉంటుంది, అదీ ఉంది. ముప్పై ఒకటిని లోపం ఉన్న పట్టీల్లోకి తోసి లెక్కలోంచి తీసేశారు, పట్టీని మాత్రం ప్రయోగం ముగిసేదాకా నడవనిచ్చారు. తీసేశాక వచ్చిన ఫలితం ముచ్చటగా ఉంది. సరదా వ్యాఖ్యలు ఎవరికీ పెద్దగా హాని చెయ్యవు. రంగయ్య పేరు ఆ వరసలో మొదట ఉంది. కమిటీ వచ్చే వారంలో వస్తానంది.

*

ఆ ఆదివారం పొద్దున హైమ గోంగూర కట్టలు ముందేసుకుని, తమ్ముణ్ణి కూడా ఓ చెయ్యి వెయ్యమంది. ఇద్దరూ కింద కూర్చుని ఆకు ఒలుస్తున్నారు. ఆవిడ తలెత్తకుండా, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా, తను ఇన్నేళ్ళూ చేస్తున్నది అనువాదాలు కాదని చెప్పింది.

టీవీల్లో ఒక పద్ధతి ఉంది. టైటిల్స్‌లో పేరు ఒకరిది పడుతుంది, రాసే చెయ్యి ఇంకొకరిది. ఆ చేతిని ఘోస్టు అంటారు. పరాంకుశం గారని పెద్ద రచయిత. ఒకేసారి నాలుగు సీరియళ్ళు ఒప్పుకుంటాడు, ఒక్కటీ ఆయన రాయడు. డీటీపీ సెంటరుకి ఆయన స్క్రిప్టులు టైపింగుకొచ్చినప్పుడు హైమ ఓ చోట మాట బాలేదని తనే మార్చి టైపు చేసిందట. ఆయన పట్టుకున్నాడు. తిట్టలేదు. అప్పటినుంచీ ఆయనకి మాటలు ఈవిడే. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పనని మాటిచ్చింది కాబట్టి చెప్పలేదు. ‘తోరణం కట్టిన ఇల్లు’ మొదటి రోజునుంచీ ఆవిడదే.

ఫణి చేతిలోని గోంగూర కాడ అలాగే ఉండిపోయింది.

పరాంకుశం గారికి కళ్ళు కనపడటం మానేశాయని, ఆయనే ఛానెలువాళ్ళని పిలిచి నిజం చెప్పేశాడని హైమ అంది. రాబోయే కొత్త సీరియల్‌కి ‘మాటలు: హైమవతి’ అని పేరు వేస్తామన్నారట. ఇన్నేళ్ళలో మొదటిసారి.

“అక్కా! మరి...”

“వద్దన్నాలే. శుక్రవారందాకా ఆలోచించుకోమన్నారు.”

“వద్దనడమేంటి? ఎందుకు?”

ఆవిడ ఒలిచిన ఆకు బుట్టలోకి వేసింది. “పేరు లేకపోతే ఎవరేమన్నా పరాంకుశం గారిని అన్నట్టుంటది. పేరెట్టుకుంటే నన్నే అన్నట్టుంటది గదరా.”

“ఎవరంటారు?”

హైమ తలెత్తి తమ్ముడి వంక చూసింది. “అనేవాళ్ళకేం, చాలామంది ఉన్నార్లే” అంది.

ఆ చూపు చూడగానే దొరికిపోయానని ఫణి తల దించుకున్నాడు. కానీ ఆవిడ మళ్ళీ గోంగూరలో పడేసరికి, హమ్మయ్య, తెలియదు అనుకున్నాడు. అక్క బతుకులో ఒక్కసారి వచ్చిన పేరుని తను కాలరాశానన్న బాధకంటే ముందు, దొరికిపోలేదన్న నిశ్చింత వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు ఆ క్షణం గుర్తొచ్చినా అతనికి తన మొహం తనకే చూసుకోబుద్ధి కాలేదు.

ఏదో ఒకటి చెయ్యాలి. శుక్రవారంలోపు చెయ్యాలి. నిజం చెప్పేసి కాళ్ళ మీద పడటం ఒక దారి. అది తప్ప మిగతావన్నీ ఆలోచించాడు. చివరికి ఓ తెలివైన ఉపాయం తట్టింది. రంగయ్య చేతే పొగిడిస్తే సరి! లోకమంతా రంగయ్య మాట వింటుంది. అక్క కూడా చదువుతుంది. ధైర్యం వస్తుంది.

మర్నాడు పొద్దున మెట్రోలో నిలబడి, ‘తోరణం కట్టిన ఇల్లు’ మాటల్ని ఇన్నాళ్ళూ మనం సరిగ్గా వినలేదని రాశాడు. అందులో ఇంటి భాష ఉందని, రాసినవాళ్ళు ఎవరో గానీ వాళ్ళ చేతికి దణ్ణం పెట్టాలని రాశాడు. జనం ముందు తికమకపడి, ఇదీ వెటకారమే అనుకుని పగలబడి నవ్వారు. మణికట్టు వెచ్చబడింది.

ఆ వెంటనే చలి వచ్చింది. ఇంతకుముందెప్పుడూ అంత రాలేదు. పట్టుకున్న కడ్డీ వదిలేసేంత. పక్కనున్నాయన ఏమైంది సార్ అని భుజం పట్టుకున్నాడు.

ఫణి తరవాతి స్టేషన్లో దిగిపోయి బెంచీ మీద కూలబడ్డాడు. పొగిడితే నొచ్చుకునేదేమిటి? లాగిన్ లక్ష్మణ చేతులు విరగ్గొడతానంటే చలించనిది, దణ్ణం పెడితే బిగుసుకోవడమేమిటి? లోపం ఉన్న పట్టీ అనుకుందామంటే ఈసారి మనసొప్పలేదు. ఆ పొగడ్త జాలితో రాసిందని తెలియాలంటే, దాన్ని రాసినవాడికి నిన్ననే ఏదో తెలిసిందని చదివేవాళ్ళకి తెలిసి ఉండాలి. ఆదివారం గోంగూర ఒలుస్తూ మాట్లాడుకున్నది ప్రపంచంలో ఇద్దరికే తెలుసు.

ముప్పై ఒకటి అక్క. రంగయ్య ఎవరో ఆవిడకి తెలుసు.

*

ల్యాబుకి వెళ్ళి పక్కన పడేసిన ముప్పై ఒకటో పట్టీ రికార్డుని తన మణికట్టు మీదికి తిప్పుకున్నాడు. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. లక్ష్మణ తిట్టు వచ్చింది. చెయ్యి మామూలుగానే ఉంది, పైగా కాస్త వెచ్చగా కూడా తగిలింది. అక్కకి నవ్వొచ్చిందన్నమాట. ఇంకెవరిదో బూతు వచ్చింది. ఏమీ లేదు. రంగయ్య వేసిన వైఫై జోకు వచ్చింది. ముందు వెచ్చదనం, నిజంగా నవ్విన వెచ్చదనం, దాని వెనకే చలి. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ అంతే. ప్రతిదానికీ నవ్వింది, ప్రతిదానికీ నొచ్చుకుంది.

అన్నం జోకు దగ్గర మాత్రం నవ్వు లేదు. వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఫణి పట్టీ విప్పబోయి, విప్పే హక్కు తనకి లేదనిపించి, అయిపోయేదాకా అలాగే ఉంచుకున్నాడు.

నుస్రత్ మేడమ్ గదిలోకి వెళ్ళి అంతా చెప్పాడు. ఆవిడ మొదట నమ్మలేదు.

“రంగయ్యవి నువ్వా? మా ఇంట్ల అందరం చదువుతం నిన్ను” అంది. తర్వాత ఆ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. “రాసింది నువ్వే. ముప్పై ఒకటిని తీసేసింది గూడ నువ్వే. నేను కమిటీకి ఏం చూపెట్టాలె ఫణీ?”

తనే వెళ్ళి ఒప్పుకుంటానన్నాడు. అక్కర్లేదంది. కమిటీ వచ్చిన రోజు ఆవిడే లేచి, ప్రయోగంలో మా మనిషే రెండు వైపులా ఉన్నాడని, మేము తీసేసిన రీడింగే అసలైనదని, కాబట్టి ఫలితాల్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. ఏడేళ్ళ కష్టం. చెప్తున్నంతసేపూ ఫణి గోడకానుకుని నిలబడి బూట్లకేసి చూస్తూ ఉన్నాడు. కమిటీలో ఓ రిటైర్డ్ జడ్జిగారు ముప్పై ఒకటి గురించి రెండుసార్లు చెప్పించుకుంది.

“చేతులు విరగ్గొడతానన్నవాడి మాట తగల్లేదు. ఒక్కళ్ళ సరదా మాట తగిలింది. ఎవరన్నారన్న దాన్నిబట్టి నొప్పి ఉంటే, మేము ఏ మాటని ఆపమని చట్టం చెయ్యాలమ్మా?” అందావిడ.

బిల్లు అటకెక్కింది.

ఆ సాయంత్రం గ్రూపులో పండగే పండగ. సర్కారు తోక ముడిచిందన్నారు. ఒంటిచేత్తో బిల్లుని నవ్వించి చంపినవాడని రంగయ్య బొమ్మకి పూలదండలు వేశారు. లాయరూ, సర్వర్లాయనా కూడా రాజీపడి జేజేలు కొట్టారు. ఫణి ఆ దండల్ని చూసి, రంగయ్య ఖాతాని మూసేశాడు. పట్టీ అప్పటికే మేడమ్ బల్ల మీద పెట్టి వచ్చాడు, ఉద్యోగంతో సహా.

*

శుక్రవారం పొద్దున్నే హైమ కంప్యూటరు దగ్గరుంది. ఫణి ఆవిడ కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు, చిన్నప్పుడు టీవీ ముందు కూర్చున్నట్టు.

“అక్కా, రంగయ్యని నేనే.”

“తెలుసురా.”

“ఎప్పటినుంచి?”

“మొదటిది చదివినప్పట్నుంచే. సౌండు లేని టీవీ ముందు కూచున్నది మనిద్దరమే గదా” అంది హైమ.

రేపల్లెలో వాళ్ళ టీవీకి సౌండు పోతే బాగుచేయించే స్తోమత లేకపోయింది. అమ్మ పోయిన ఏడాది. అన్నం తినకుండా మూలన కూర్చున్న తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని హైమ ఆ మూగ టీవీలో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ పోలీసులకీ దొంగలకీ అందరికీ తనే మాటలు చెప్పేది. అత్తగారి చేత ముద్దపప్పు గురించి మాట్లాడించేది. వాడు నవ్వినప్పుడల్లా నోట్లో ఒక ముద్ద పెట్టేది. మాటలు రాయడం ఆవిడ నేర్చుకున్నది అక్కడే. వాటితో నవ్వించడం వాడు నేర్చుకున్నదీ అక్కడే. పుట్టుకతో వచ్చిందని కోతలు కోసిన సంగతి గుర్తొచ్చి ఫణికి నేలలోకి కుంగిపోవాలనిపించింది.

“మరి చెప్పొచ్చు గదక్కా. ఒక్క మాట అంటే మానేసేవాణ్ణిగా.”

“ఏమని చెప్పను? నువ్వు బాగా రాస్తావురా. చాలాసార్లు నవ్వాపుకోలేకపోయా” అని ఆగింది. “అవతలోళ్ళు వంద అంటారు, అది వాళ్ళ పని. మన ఇంట్లోవాడే అంత నవ్వాక, నా పేరు పైన పెట్టుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. అంతే.”

ఫణి ఆవిడ మోకాలు పట్టుకుని, ఇప్పుడైనా ఛానెలుకి ఫోను చెయ్యమని, పేరు వేసుకోమని బతిమాలాడు. హైమ తన చెయ్యి అతని తల మీద పెట్టింది. కోపమేమీ లేదు ఆ చేతిలో.

“పొద్దున్నే చేసేశా. పరాంకుశం గారి పేరే ఉంచమన్నా. లెగు, కాళ్ళు తిమ్మిరెక్కుతయ్” అంది.

*

కొత్త సీరియల్ మొదలైన రోజుకి ఫణి ఓ బ్యాంకు సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. ఆ సాయంత్రం పని ముందుగా ముగించుకుని ఇంటికొచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. టీవీ సౌండు తనే పెంచాడు. టైటిల్స్ నడుస్తున్నాయి. ‘మాటలు: పరాంకుశం’ అని పడింది. హైమ జడ సవరించుకుంది. గ్రూపులో రంగయ్య లేకపోయినా ఆట ఆగలేదని, వేరే కుర్రాడెవరో మ్యూట్ డైలాగులు మొదలెట్టాడని, వాడికి ఇంకా చెయ్యి తిరగలేదని నవ్వుతూ చెప్పింది.

ఫణి ఆ మాటలు ఒక్కటీ వదలకుండా విన్నాడు. ఇన్నేళ్ళలో అక్క రాసింది జోకు వెతక్కుండా వినడం అదే మొదలు. బాగుంది. నిజంగా బాగుంది. అయినా ఏదో వెలితిగా ఉంది. ఊరినుంచి కొడుకొచ్చాడు, తల్లి ఎదురొచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చింది, సంచి అందుకుంది, కబుర్లడిగింది. భర్త ఎండలోంచి వచ్చాడు, భార్య విసనకర్ర ఇచ్చింది. సీరియల్ సగమయ్యాక గానీ అతనికి అందలేదు. అంత పెద్ద ఇంట్లో ఒక్కళ్ళు కూడా ఒక్కళ్ళని అన్నం తిన్నావా అని అడగలేదు.

అప్పుడు ఫణి తన ఇల్లు గుర్తు చేసుకున్నాడు. చెప్పులు విడవకముందే వంటింట్లోంచి ఆ మాట వినపడేది. కాలేజీ రోజుల్లో విసుక్కున్నాడు కూడా, వేరే ప్రశ్నే లేదా అక్కా అని. అది వినపడి ఎంతకాలమైంది? కాఫీ కప్పుల మీద ఎక్కిన దగ్గర్నుంచీ వినలేదు. అక్క ఆపేసింది. అతనికి తెలియను కూడా తెలియలేదు.

సీరియల్ అయిపోయింది. హైమ లేచి వంటింట్లోకి వెళ్ళి, పళ్ళెం కడిగి, గుమ్మం దగ్గర ఆగింది. ఫణి ఆవిడ మొహం వంకే చూస్తున్నాడు. ఒక్కసారి అడిగితే చాలనుకున్నాడు. అడగమని తను చెప్పకూడదు. చెప్తే ఆవిడ అడుగుతుంది, అది తన మాట తీర్చడానికి అడిగినట్టే అవుతుంది.

“ఫణీ, అన్నం...” అంది హైమ.

అక్కడే ఆగింది. పళ్ళెం చీర చెంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది.

“గిన్నెలో ఉంది” అంది.